కమ్మర్‌కట్టు కరిగేదాకా

పాల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. అది కూడా నీళ్లు కలపని పాల మీద. మా వృత్తిలో ఇంతకు మించిన ప్రమాణం లేదు, ఎందుకంటే అలాంటి పాలు దొరికాకే కదా ప్రమాణం చేయాలి. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. బర్రె గురించి రాసిన మాట మరీ నిజం. నమ్మకం కుదరనివాళ్లు బేస్తవారిపేట వచ్చి ఎవరినైనా అడగవచ్చు. వాళ్లు కూడా నమ్మరు, అది వేరే సంగతి.

నేను ఒక ప్రైవేటు డెయిరీలో చాలా ఏళ్లు పనిచేశాను. చివరి కొన్నేళ్లు బేస్తవారిపేట దగ్గర పాల శీతల కేంద్రానికి మేనేజరుగా ఉన్నాను. పొద్దునా సాయంత్రమూ చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాలీ ఆటోల్లో క్యాన్లు వస్తాయి. ఆ పాలు పరీక్ష చేసి, చల్లబరిచి, ట్యాంకరుకెక్కించి పంపుతాం. పని అంతే. మిగతాదంతా అరుపులు. ఇప్పుడు ఉద్యోగం మానేసి మార్కాపురంలో ఇంటి పట్టున ఉన్నాను. కొత్తగా మేనేజర్లయిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. స్టాఫ్‌తో ఎట్లా పని చేయించారు, ఏదైనా సూత్రం ఉంటే చెప్పండి సార్ అని అడుగుతారు. సూత్రం ఉంది. కిరాణా దుకాణంలో గాజు సీసాలో దొరుకుతుంది. దాని పేరు కమ్మర్‌కట్టు.

ఇది అర్థం కావాలంటే ముందు మా అమ్మాయి గురించి చెప్పాలి. నాకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు మెదడుకు గాలి సరిగా అందలేదు, సెరిబ్రల్ పాల్సీ అన్నారు. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. తలలో మాట మనకంటే ముందే తయారవుతుంది గాని, అది నాలుక మీదికి రావడమే ఆలస్యం. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే ప్యాసింజరు లాంటిది. మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, కానీ వచ్చి తీరుతుంది.

నేనేమో ప్లాట్‌ఫారం మీద నిలబడలేని మనిషిని. "దోసె తింటావా, ఉప్మా తింటావా?" అని అడిగి, అదే ఊపిరిలో "దోసెనే కదా" అని పోసేసేవాణ్ని. ఆమె స్కూల్లో మాట నేర్పే టీచరమ్మ ఇది గమనించి ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది. "సార్, మీ అమ్మాయికి మాట రాకపోవడం కాదు ఇబ్బంది. మీకు మాట ఆగకపోవడం" అంది. అడిగినాక నోరు మూసుకోమంది. ఎంతసేపని అడిగాను. పాప చెప్పేదాకా అంది.

ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. పెళ్లయిన నాటి నుంచి నా నోరు ఎరిగిన మా ఆవిడ దీనికి ఉపాయం కనిపెట్టింది. కమ్మర్‌కట్లు తెచ్చింది. బెల్లం పాకంలో కొబ్బరి వేసి చుట్టిన గట్టి ఉండ అది, పళ్లకు పట్టుకుంటే దవడలు కదలవు.

"పాపను అడుగు. అడిగి ఇది నోట్లో ఏసుకో. కరిగినాకనే మాట్లాడు" అంది.

ఆ సాయంత్రం స్కూల్లో ఏం జరిగిందమ్మా అని అడిగి ఒకటి వేసుకున్నాను. దవడలు బిగుసుకున్నాయి. మా ఆవిడ ఈలోగా గిన్నెలు తోమింది, చెల్లెలితో ఫోన్ మాట్లాడింది, వాళ్లిద్దరి మధ్య పాత తగాదా ఒకటి మళ్లీ మొదలై చల్లారింది. అప్పుడు మా అమ్మాయి నన్ను నిదానంగా చూసి, నా జన్మలో ఆమె నోట నేను విన్న మొదటి పూర్తి వాక్యం చెప్పింది.

"నాయనా... నీ మీసానికి... పాకం అంటింది."

అన్నేళ్లూ నేను ఆమె మాటలకు అడ్డం పడి, ఇలాంటివెన్ని పోగొట్టుకున్నానో అనిపించింది. మర్నాడు సీసాడు కొన్నాను.

ఇంటి అలవాటు ఆఫీసుకు ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. ఒకరోజు పాలు పరీక్ష చేసే టెస్టరన్నను ఏందన్నా అంతా బాగుందా అని మామూలుగా పలకరించాను. చెయ్యి అలవాటున జేబులోకి పోయి ఒక కమ్మర్‌కట్టు నోట్లో పడేసింది. బాగుంది సార్ అన్నాడు. నేను మాట్లాడలేను కదా, చూస్తూ ఉన్నాను. బాగానే ఉంది సార్ అన్నాడు. చూస్తున్నాను. మొన్న థర్మామీటరు పగిలింది సార్ అన్నాడు. మరి కాసేపటికి, పగల్లేదు సార్, నేనే పగలగొట్టినా అన్నాడు. నా నోట్లో ఉండ సగం కరిగేసరికి, ఎండాకాలం మధ్యాహ్నాలు ఆయన కోల్డు రూములో దుప్పటి కప్పుకుని పడుకుంటాడన్న విషయం కూడా బయటికొచ్చింది. నేను అడిగింది అంతా బాగుందా అని మాత్రమే.

తర్వాత ట్యాంకరు నడిపే భాయ్. ఈరోజు ఆలస్యమైందేం భాయ్ అన్నాను, నోరు మూతపడింది. ట్రాఫిక్ అన్నాడు. పొదిలి రోడ్డులో ట్రాఫిక్ అంటే మేకలు. నేను చూస్తున్నాను. చివరికి టోపీ తీసి చేతిలో పట్టుకుని, "సాబ్, పొదిలిలో బండి ఆగేది డీజిల్ కోసం కాదు. అత్తగారింట్లో చికెన్ కోసం. రేపటి నుంచి మీకూ డబ్బా తెస్తా, అట్ల చూడొద్దు సాబ్" అన్నాడు.

ఇలా కేంద్రమంతా పాకింది. సారు నోట్లో ఏసుకున్నాడంటే అయిపోయినట్లే అని గుసగుసలు. నాకు పోలీసు ట్రైనింగ్ ఉందని ఒకరు, లేదు, ఏదో మంత్రం వేసి మింగుతాడని ఇంకొకరు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. అనడానికి నోరు ఖాళీగా ఉంటే కదా.

బర్రె సంగతి ఇక్కడే. పాలు ఇవ్వడం మానేసిందని ఒక రైతు దాన్ని ఏకంగా మా గేటు దాకా తోలుకొచ్చాడు. నేను పశువుల డాక్టర్ని కాదు నాయనా అంటే వినడు. సరే, దాని ముందు నిలబడి, ఏంది తల్లీ నీ బాధ అని అడిగి కమ్మర్‌కట్టు వేసుకున్నాను. బర్రె నన్ను చూసింది. నేను బర్రెను చూశాను. ఇద్దరి దవడలూ ఆడుతున్నాయి. కాసేపటికి అది ముందుకాలు ఎత్తి, పక్కకు తిప్పి, నాకు గిట్ట చూపించింది. గిట్టలో తుమ్మముల్లు. తీసేశాం. ఆ సాయంత్రం చేపి పాలిచ్చిందని రైతు కబురు పంపాడు.

ఎదురుచూడటం ఒక్కటే కాదు మా అమ్మాయి నేర్పింది. చెప్పకుండా వెనక నుంచి ఆమె కుర్చీ తోస్తే చెయ్యి వెనక్కి తిప్పి గిల్లుతుంది. ముందు చెప్పాలి, ఆమె సరేనన్నాక తోయాలి. కేంద్రంలో ఎవరి డ్యూటీ అయినా చెప్పకుండా మార్చబోతే నా మోచెయ్యి దగ్గర అదే గిల్లుడు మండేది. అందుకే మా దగ్గర పొద్దునొచ్చి చూసుకుంటే డ్యూటీ మారిపోయి ఉండటం అన్నది ఉండేది కాదు. హెడ్డాఫీసు వాళ్లు దీన్ని నా గొప్ప గుణం అనుకున్నారు. గిల్లించుకున్న చెయ్యి గుణమని నేను చెప్పలేదు.

ఈ నాయకత్వానికి ఖర్చు లేకపోలేదు. షుగరు వచ్చింది. మార్కాపురం డాక్టరు, తీపి ఏమైనా తింటారా అని అడిగి ఊరుకున్నాడు. ఆ మౌనం నేను భరించలేకపోయాను. సీసాలు, జేబులు, బీరువా వెనక దాచింది, అన్నీ చెప్పేశాను. తర్వాత చూస్తే ఆయన ఫోన్‌లో మెసేజి చదువుకుంటున్నాడు. ఏదైనా అన్నారా అని అడిగాడు. ఆ రోజు నుంచి కమ్మర్‌కట్టు బంద్ అయింది. కనీసం మా ఆవిడ కళ్లముందు.

ఇక అసలు సంగతి. మా పైన ఒక ఆఫీసరు ఉండేవాడు. మనిషి మంచివాడే. ప్రశ్న అడిగి జవాబు కూడా తానే చెప్పే రకం. గదిలో ఆయన ఒక్కడే ఉన్నా మీటింగు జరిగిపోయేది. ఒక ఎండాకాలం మొదట్లో తనిఖీకి వచ్చి, క్యాన్లన్నీ వరసగా పెట్టించి, నల్లబడిన వాటి మీద సుద్దముక్కతో గీతలు పెట్టాడు. ఈసారి వచ్చేసరికి ఇవి మెరవాలి, మెరవకపోతే ఆ ఊరి పాలు ఆపేస్తానన్నాడు. గీతలన్నీ ఒకే ఊరి క్యాన్ల మీద పడ్డాయి.

ఆ ఊళ్లో పాలు పోయించుకుని మాకు పంపేది ఒక అవ్వ. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ పనే. వాన పడితేనే పంట అన్న ఊరు అది. పంట లేని ఏడు ఇళ్లు నడిపేవి బర్రెలే, ఆ బర్రెల పాలన్నీ వచ్చేది అవ్వ అరుగు మీదికే. క్యాన్ల వెంట తానే ఆటోలో కూర్చుని వచ్చేది. మాట్లాడేది తక్కువ. దింపేటప్పుడు "పాలు" అనేది, ఎక్కేటప్పుడు "వస్తా" అనేది.

సుద్ద గీతలు పడ్డ కొద్దిరోజులకే అవ్వ పాలు విరగడం మొదలైంది. కాచి చూస్తే ముక్కలు ముక్కలు. వరసగా పూటపూటా అంతే. కిటికీ దగ్గర ఆపి, ఏందవ్వా ఇది అని అడిగి, మా ఆవిడ అక్కడ లేదు కాబట్టి, నోట్లో వేసుకున్నాను. నా ఘన చరిత్రలో అది మొదటి ఓటమి. అవ్వ కూడా నాతోపాటు ఊరకే నిలబడింది. ఉండ కరిగింది, ఎండ ముదిరింది, ఆటోవాడు హారన్ కొట్టాడు. అప్పుడు "నాకు తెలీదు నాయనా" అని ఆటో ఎక్కింది. అంతసేపు ఆగి చెప్పిన మాట అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ దాన్ని హెడ్డాఫీసుకు ఎలా రాయాలో తెలియలేదు.

విషయం తెలిసి ఆఫీసరు దిగాడు. కారులోనే తీర్పు రాసుకొచ్చాడు. రాత్రి మిగిలిన పాలు పొద్దుటి పాలలో కలుపుతోంది, ఈ సాయంత్రం నుంచి ఆ ఊరు బంద్. బంద్ అంటే ఆ చుట్టుపక్కల ఇంకో కేంద్రం లేదు. పాలు పోసే చోటు లేని ఇంట్లో బర్రె ఎన్నాళ్లో ఉండదు, సంతకు పోతుంది.

ఆ రోజు మా ఆవిడ పొదిలిలో పెళ్లికి వెళ్లింది. స్కూలుకు సెలవులు. అందుకని మా అమ్మాయిని కూడా కేంద్రానికి తీసుకెళ్లాను. పొద్దుటి నుంచి పెరట్లో వేపచెట్టు నీడన, క్యాన్లు కడిగే అక్క దగ్గర కూర్చుంది. నాకు అక్క, మా అమ్మాయికి అత్త. అక్క ఒక చేత్తో పీచు పట్టుకుని, పక్కన ఏదో గిన్నె పెట్టుకుని, తోముతూ తన ఇంటి కథలన్నీ చెప్పింది. మధ్యలో అడ్డం రాకుండా వినే మనిషి ఆమెకు జన్మలో మొదటిసారి దొరికింది.

విచారణ నా గదిలో. ఆఫీసరు నా కుర్చీలో కూర్చున్నాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో, టెస్టరన్న స్టూలు మీద. ఎండ ఎక్కువైందని మా అమ్మాయిని లోపలికి తెచ్చాను. ఆ గదిలో సొంత కుర్చీ తెచ్చుకున్నది ఆమె ఒక్కతే. తలుపు దగ్గర అవ్వ నిలబడింది. ఆమె వెనక టీ గ్లాసుల ట్రే పట్టుకుని అక్క. తలుపు పక్కన మేకుకు నా సంచి వేలాడుతోంది. అందులో ఏముందో మా ఆవిడకు చెప్పకండి.

ఆఫీసరు మొదలుపెట్టాడు. రాత్రి పాలు కలిపావా? కలిపావు. ఎందుకు? పారబోయడానికి మనసొప్పక. మొదటిసారా? కాదు. అవ్వ నోరు తెరిచేసరికి ఆయన ఆఖరి ప్రశ్న దాకా పోయాడు.

"సార్, ఆమెను చెప్పనిద్దాం" అన్నాను.

"చెప్పింది కదయ్యా" అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి చెయ్యి లేచింది. ఆమెకు మాట కంటే చెయ్యి ముందు పోతుంది. చెయ్యి వణుకుతూ లేచి తలుపు వైపు నిలిచింది. నోరు తెరుచుకుంది. "నా..." అంది.

"నీళ్లా పాపా?" అన్నాడు ఆఫీసరు.

మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అది మా ఇంటి చట్టం. "నా..."

ఇంటికి పోవాలా అన్నాడు. మళ్లీ మొదటి నుంచి. ఆకలా అన్నాడు. మళ్లీ మొదటి నుంచి. ఆయన సాయం చేయాలనే చేస్తున్నాడు పాపం, బండి స్టేషన్ వదిలిన ప్రతిసారీ గొలుసు లాగుతున్నాడు. సార్, మీరు ఆగితేనే అది వస్తుందని చెప్పాను. ఆయన నోరు మూసుకున్నాడు. సర్వీసులో మొదటిసారి అయి ఉంటుంది, ఆ అలవాటు లేక మొహం ఎర్రబడింది.

ఫ్యాను తిరుగుతోంది. బయట కంప్రెసరు ఆగింది. అందరం ఆ చెయ్యి ఎటు చూపిస్తోందో అటే చూస్తున్నాం. తలుపు దగ్గర గ్లాసులు గలగలమన్నాయి. అక్క ముందుకొచ్చింది.

"పాప చేత చెప్పియ్యద్దు సార్. నేనే చెప్తా" అంది. ట్రే కింద పెట్టింది. "చింతపండు పెట్టి తోమినా. మెరవాలని మీరే అంటిరి, అవ్వ క్యాన్లకే గీతలు పెడితిరి. సోడాకు ఆ నలుపు పోతాదా? ఇంట్లో దీపపు కుందులు తోమినట్ల లోపలా బయటా రుద్దినా. అవ్వకు చెప్పలే. బోరు ఎండిపోయె. ట్యాంకరు నీళ్లు చెంబుడు పోసి తిప్పితే మూతి మడతలో పులుపు యాడికి పోతాది? పాలు విరిగినాక తెలిసింది సార్. తెలిసినాక నోరు రాలే."

అందరం అక్క వైపు తిరిగాం. ఆ సందులో మా అమ్మాయి వాక్యం పూర్తయింది.

"నాయనా... సంచిలో... కమ్మర్‌కట్టు... నాకు."

ముందు టెస్టరన్న నవ్వాడు. తర్వాత భాయ్ కిటికీ అవతల నుంచి. చివరికి ఆఫీసరు కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే టెస్టరన్న లేచి తన స్టూలు తీసుకుపోయి అవ్వకు వేశాడు. అవ్వ కూర్చుని చీర సర్దుకుని, "నా క్యాన్లు నల్లవే నాయనా. పాలు తెల్లవే" అంది. అంత పొడుగు మాట ఆమె నోట మేమెవరమూ వినలేదు.

అక్క పొద్దున తోమిన క్యాను తెప్పించాం. అద్దంలా మెరుస్తోంది, ఆఫీసరు ముఖం అందులో ఆయన కోరుకున్నట్టే కనపడింది. టెస్టరన్న మూతి మడతలో వేలు పెట్టి నాకి, పులుపు సార్ అన్నాడు. ఆఫీసరు నమ్మక తానూ వేలు పెట్టి నాకాడు. ఒక కన్ను మూతపడింది. కాసేపు నాలుక పై అంగిలికి అంటుకుని, "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగి ఆగిపోయాడు. జవాబు ఆయన చెప్పలేదు. చింతపండు అంత పని చేయగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

మేమే చెప్పాం. క్యాన్లు మరిగే నీళ్లతో కడగాలి, నలుపు నలుపుగానే ఉండాలి, అక్క ఉద్యోగం అక్కకుండాలి, అవ్వ ఊరు అవ్వకుండాలి. అన్నిటికీ తల ఊపాడు. ఆ సాయంత్రం అవ్వ పాలు కాచి చూస్తే విరగలేదు. "పాలు" అని క్యాను దింపింది, "వస్తా" అని పోయింది. మళ్లీ మామూలే.

తర్వాత కొన్నాళ్లకు హెడ్డాఫీసు మమ్మల్నందరినీ ఒక హోటలుకు పిలిచి, ఏసీ హాల్లో నాయకత్వం మీద శిక్షణ ఇచ్చింది. వినడం ఎలా అన్న పాఠం చెప్పింది మా ఆఫీసరే. తెర మీద బొమ్మలు వేసి, ఎదుటివాడు మాట్లాడేటప్పుడు అడ్డం రాకూడదని గంటకు పైగా ఎవరినీ మాట్లాడనివ్వకుండా చెప్పాడు. నేను ఆఖరి వరసలో కూర్చుని నోట్లో వేసుకున్నాను.

మేనేజరు పిల్లలారా, ఈ కథ నేను చాలా చోట్ల చెప్పాను. సంచి, కమ్మర్‌కట్టు దగ్గరకు వచ్చేసరికి జనం పడిపడి నవ్వుతారు. పాల మీద ప్రమాణం చేశాను కాబట్టి ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ రోజు తలుపు పక్కన సంచి లేదు. ఇంట్లోనే మరిచిపోయాను. "నా..." అన్న అక్షరం కూడా నేను పెట్టిందే. మా అమ్మాయి చెయ్యి చూపించింది అవ్వనే, వెనక నిలబడ్డ అక్క తననే అనుకుంది. ఆఫీసరు అడ్డం వచ్చినన్నిసార్లూ మళ్లీ మళ్లీ మొదలుపెట్టి, చివరికి ఆమె పూర్తి చేసిన వాక్యం ఇది:

"అవ్వా... కూచో."

విచారణ మొదలైనప్పటి నుంచి అవ్వ నిలబడే ఉంది. మేమంతా కూర్చున్నాం. స్టూలు అందుకే లేచింది. అప్పుడు నవ్వింది ఎవరూ లేరు. ఈ మాట చెబితే ఇప్పుడు కూడా ఎవరూ నవ్వరు, నేను నవ్వించే మనిషిని, అందుకని సంచి తగిలించాను.

మిగతాదంతా నిజం. బర్రెతో సహా.